రెండు కంప్యూటర్ల మధ్య ఒక పెళ్లి

మా ఓనరుగారికి కాదనడం చేతకాదు. వ్యాపారంలో ఆయన బలం అదే, మా ప్రాణాల మీదకి వచ్చేదీ అదే. పెళ్లివారు వచ్చి "ఆదివారానికల్లా కావాలండి" అంటే "అలాగేనండి" అనేవారు. "పెళ్లికొడుకు పక్కన నిలబడ్డ ఆ పొడుగాయనతో మాకు మాటల్లేవు, ఆయన్ని తీసెయ్యండి" అంటే దానికీ "అలాగేనండి" అనేవారు. ఆ పొడుగాయన పెళ్లికొడుకు మేనమామ అనీ, ప్రధానం దగ్గర్నుంచి అప్పగింతల దాకా ప్రతి బొమ్మలోనూ ఉన్నాడనీ లోపల గదిలో కూర్చున్న మాకు తర్వాత తెలిసేది.

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక వీడియో మిక్సింగ్ యూనిట్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. మిక్సింగ్ అంటే మీరు ఇప్పుడు ఎడిటింగ్ అంటున్నదే. కెమెరావాళ్లు తెచ్చిన పెళ్లి టేపుల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, అనవసరమైనవి కోసేసి, పాటలు కలిపి, గులాబీలు కురిపించి డీవీడీ చేసి ఇచ్చేవాళ్లం. ఇప్పుడు ఇంట్లో కూర్చున్నాను. అయినా ఈ లైన్లోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఫోన్ చేసి, "కొత్త డిస్క్ కొన్నాం మాస్టారూ, ఒక మ్యాక్, ఒక విండోస్ ఉన్నాయి. ఏ ఫార్మాట్‌లో పెట్టమంటారు?" అని అడుగుతుంటారు. జవాబు రెండు ముక్కల్లో చెప్పొచ్చు. కానీ అలా ఊరికే చెబితే మీరు వినరు, నాకు తెలుసు. నేనూ ఎవరి మాటా వినకుండానే నేర్చుకున్నాను. అందుకని మొత్తం చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటాక మా ఓనరుగారు హైదరాబాద్ వెళ్లి, ఎవరో వాడి పక్కన పెట్టేసిన ఒక మ్యాక్ కంప్యూటర్ పట్టుకొచ్చారు. చూడటానికి దర్జాగా ఉండేది. దాని డీవీడీ సొరుగు మాత్రం తెరుచుకునేది కాదు. "అదొక్కటే కదండి లోపం" అన్నారు ఓనరుగారు. వాస్తు ప్రకారం దాన్ని తూర్పు ముఖంగా పెట్టించారు కాబట్టి నాకు ఎదురుగా గోడ, వెనకాల వీధి గుమ్మం వచ్చాయి. పొద్దున పూట తెర మీద పెళ్లికూతురికి బదులు వీధిలో వెళ్లే రిక్షాలు కనిపించేవి. ఆ కంప్యూటర్ నాకు అప్పగించారు.

పై అంతస్తులో పాత విండోస్ కంప్యూటర్ ఉండేది. దాని దగ్గర మాతో ఎప్పట్నుంచో పనిచేస్తున్న ఒకావిడ కూర్చునేది. గులాబీలు, హంసలు, తెరుచుకునే తలుపులు, గుండె ఆకారంలో వధూవరులు, అన్నీ ఆవిడ దగ్గరే. డీవీడీలు తీసేది కూడా అక్కడే. కెమెరా తీగ మాత్రం నా మ్యాక్‌కే తగిలేది. అంటే టేపు నా దగ్గర ఎక్కాలి, పెళ్లి పైకి వెళ్లి అలంకరించుకోవాలి. రెండిటినీ కలుపుతూ ఓనరుగారు ఒక వైరు వేయించారు గానీ, మెట్ల కింద ఎలుకలకి అది మొదటి వారంలోనే నచ్చింది. చివరికి పెళ్లిళ్లని కిందనుంచి పైకి మోయడానికి ఇటుకంత ఒక డిస్క్ కొన్నారు. కొన్న రోజే దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. ఆ బొట్టు సరిగ్గా దాని చిన్న దీపం మీద పడింది. అప్పట్నుంచి అది పనిచేస్తోందో లేదో తెలుసుకోవాలంటే చెవి ఆనించి వినాల్సి వచ్చేది.

ఇక్కడ కొంచెం పాఠం చెప్పక తప్పదు, ఓర్చుకోండి. డిస్క్‌ని ఫార్మాట్ చేయడమంటే సామాను సర్దేముందు అరల్లో గళ్లు గీసుకోవడం. మ్యాక్ గీసే గళ్లు ఒక రకం, అవి విండోస్ కంటికి ఆనవు. విండోస్ కొత్తరకం గళ్లని మ్యాక్ చదువుతుంది గానీ, అందులో ఒక్క అక్షరం రాయలేదు. ఈ రెండూ కాక ఫ్యాట్ థర్టీటూ అని ఒక పాత పద్ధతి ఉంది. అది ఇద్దరికీ అర్థమవుతుంది, ఇద్దరూ రాయగలరు. పెళ్లిళ్ల పేరయ్యలాగా రెండు వైపులా మాట్లాడుతుంది. నేను మా డిస్క్‌ని అందులోనే పెట్టాను, ఎంత తెలివైనవాణ్ణి అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

దానికో రోగం ఉందని తర్వాత తెలిసింది. నాలుగు జీబీలు దాటిన ఫైలు దానికి మింగుడుపడదు. ముందుగా చెబుతుందా అంటే, చెప్పదు. కాపీ పెట్టి, టీ తాగి, పేపరు చదివి, ఓనరుగారు వాయిదా వేస్తున్న పెళ్లివారితో రెండు మంచి మాటలు మాట్లాడి వచ్చాక, ఫైలు పట్టదని చల్లగా చెబుతుంది. గంట పెళ్లి అంటే దానికి మూడింతలకి పైనే. అందుకని ప్రతి పెళ్లినీ పావుగంట ముక్కలుగా కోసి పైకి పంపేవాణ్ణి. ఆవిడ పైన అతికేది. అతికిన చోట బొమ్మ ఒక్కసారి ఎగిరి, టప్పుమని చప్పుడయ్యేది. అక్షింతలు వేసే చెయ్యి ఒక ముక్కలో, అక్షింతలు ఇంకో ముక్కలో. ఆ అతుకు కనపడకుండా ఆవిడ అక్కడ గులాబీలు కురిపించేది. కృష్ణా జిల్లాలో మా గులాబీలకి ఎంత పేరొచ్చిందంటే, "ఇంకో రెండు చోట్ల కూడా పువ్వులు వెయ్యండి" అని అడిగి మరీ వేయించుకునేవారు.

ఇది చాలదన్నట్టు మ్యాక్ ఆ డిస్క్ మీద ప్రతి ఫైలు పక్కనా చుక్కతో మొదలయ్యే చిన్న ఫైలు ఒకటి తనంతట తానే వదిలేది. నాకు కనిపించేవి కావు, పైన విండోస్‌లో బారులు తీరి కనిపించేవి. ఆవిడ మెట్ల మీదనుంచి తొంగిచూసి, "మాస్టారూ, మీ మ్యాక్ మళ్లీ పిల్లల్ని పెట్టింది. వచ్చి తీసుకెళ్తారా, నేను పారెయ్యనా?" అనేది.

ఇలా అతుకులతో, గులాబీలతో కాలక్షేపం జరుగుతుండగా మా కెమెరా ఆయన కూతురి పెళ్లి కుదిరింది.

ఆయన మా అందరిలోకీ పెద్దవాడు. కంకిపాడు ఆయనది. క్రైస్తవ కుటుంబం. ఏ కులం పెళ్లయినా, ఏ మతం పెళ్లయినా పూజారికంటే, పాస్టరుకంటే ముందు ఆయనకే తెలిసేది తర్వాత ఏం జరగాలో. చాలా పెళ్లిళ్లలో పురోహితుడు ఈయన వైపు చూసి, ఈయన తల ఊపితేనే తాళి అందించేవాడు. కూతురి పెళ్లికి వేరే కెమెరావాణ్ణి పెట్టుకోమని ఇంటిల్లిపాదీ చెప్పారు. ఆయన వినలేదు. "వాడెవడో వచ్చి నా కూతురి మొహం మీద ఫోకస్ తప్పిస్తే ఎవరిని అడగను?" అన్నారు. దాంతో చర్చిలో పెళ్లికూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది వాళ్ల బాబాయి. కన్నతండ్రి కొత్త బట్టల్లో, భుజాన కెమెరాతో, కూతురికి ఎదురుగా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ బలిపీఠం దాకా వచ్చారు. మధ్యలో ఒక బల్ల తగిలి పడబోతే అక్కడ కూర్చున్నవాళ్లు పట్టుకుని నిలబెట్టారు. బొమ్మ మాత్రం కదలలేదు.

ఆ పెళ్లికి పెళ్లికొడుకు తల్లి రాలేదు. వాళ్లది కొండపల్లి. పెళ్లికొడుకు అక్కడి కరెంటు ఉత్పత్తి కేంద్రంలో ఉద్యోగి, ఆవిడకి ఒక్కడే కొడుకు. పెళ్లి వారంలో ఆవిడ స్నానాల గదిలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారు. పెళ్లి వాయిదా వేద్దామంటే చర్చిలో ప్రకటనలు చదవడం అయిపోయింది, పైగా శ్రమల దినాలు ముంచుకొస్తున్నాయి. అవి మొదలైతే ఈస్టర్ దాటేదాకా పెళ్లి చేయరు. "నా కాలు కోసం వాడి పెళ్లి ఆపితే దేవుడు మెచ్చడు, కానివ్వండి" అని ఆవిడే పట్టుబట్టారు. పెళ్లికి ముందురోజు మా కెమెరా ఆయన పరామర్శకి వెళ్తే ఆవిడ ఒక్కటే కోరారు.

"అన్నయ్యగారూ, నాకు పువ్వులూ పాటలూ ఏం వద్దండి. పాస్టరుగారు బైబిల్ తెరిచిన కాడ్నించి తాళి కట్టి దీవెనిచ్చేదాకా ఎక్కడా కత్తెర పెట్టకుండా చూపించండి. నేనూ చర్చిలో కూర్చున్నట్టుండాలి. అంతే."

"మీరు చర్చిలో లేరని మీకే అనిపించకుండా చూపిస్తాను చెల్లెమ్మగారూ" అని ఈయన మాటిచ్చి వచ్చారు. వియ్యపురాలికి ఇచ్చిన మాట. కూతురు వెళ్లేది ఆ ఇంటికే. ఆ మాట బరువు మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆయన మాట ప్రకారమే తీశారు. కెమెరా ఆపకుండా, భుజం మార్చకుండా. అయితే పాస్టరుగారి ప్రసంగం గురించి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. భార్యాభర్తల బంధం గురించి ఆయన ఆదాము దగ్గర ఎత్తుకున్నారు. నోవహు దగ్గర గ్లాసుడు మంచినీళ్లు తాగారు. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు పెళ్లిళ్లన్నీ వరసగా చేయించి, అప్పుడు ఈ పెళ్లికొడుకు వైపు తిరిగారు. టేపు నిండా ఒకటే షాట్.

నేను అలవాటు ప్రకారం ముక్కలు కోసి పైకి పంపాను, ఆవిడ అలవాటు ప్రకారం అతికింది. కెమెరా ఆయన వచ్చి చూశారు. తెర మీద పాస్టరుగారు గంభీరంగా "ఈ వధువును ఇచ్చుచున్నది ఎవరు?" అని అడిగారు. టప్పుమంది. జవాబుకి బదులు పైనుంచి గులాబీలు రాలాయి.

"తప్పు నాదే అన్నయ్యా, చెయ్యి దానంతటదే వెళ్లిపోయింది" అంది ఆవిడ.

ఆయనకి కోపం రాలేదు. అదే మాకు ఇబ్బందిగా అనిపించింది. "ఇది వియ్యపురాలికి చూపించలేను తమ్ముడూ. నన్ను నమ్మి మంచం మీద పడుకుంది ఆవిడ. ఒకటే ముక్కగా ఇవ్వండి, మీకు పుణ్యముంటుంది" అన్నారు.

సరే, ఫార్మాట్ మార్చాల్సిందే అని ముగ్గురం కూర్చున్నాం. ఓనరుగారు మ్యాక్ ఫార్మాట్ పెట్టమన్నారు. కారణం అడిగితే, ఖరీదైన మిషను మాట వినడం మర్యాద అన్నారు. పైనావిడ తన కంప్యూటర్‌కి కనపడే ఫార్మాట్ కావాలంది. "ఆవిడకి కనపడేది నేను రాయలేను, నేను రాసేది ఆవిడకి కనపడదు" అన్నాను. "మరి ఇన్నాళ్లూ కాపురం ఎలా చేశారండి మీరిద్దరూ" అన్నారు ఓనరుగారు. ఆయన ఉద్దేశం కంప్యూటర్ల గురించే, అయినా ఆవిడ ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

చివరికి నేనే దారి కనిపెట్టాను. మ్యాక్ డిస్కుల్ని విండోస్‌లో చదివించే ప్రోగ్రాం ఒకటి ఉంది. దాన్ని తెప్పించి పై కంప్యూటర్‌లో ఎక్కించాను. డిస్క్‌ని మ్యాక్ ఫార్మాట్‌లోకి మార్చాను. టేపుని మళ్లీ మొదట్నుంచి, ఒకటే ఫైలుగా, దాని మీదకే ఎక్కించాను. నా మ్యాక్ లోపల జాగా ఎప్పుడూ ఉండేది కాదు. పైన కూడా ఈ పెద్ద ఫైలుకి చోటు కోసం ఆవిడ పాత అతుకుల పెళ్లిని చెరిపేసింది. మాఘమాసం ముహూర్తాలు ముమ్మరంగా ఉన్నాయి కాబట్టి టేపుల కరువు. ఎక్కించగానే టేపు కెమెరా ఆయనకి ఇచ్చేశాను, ఆయన అట్నుంచటే ఇంకో పెళ్లికి వెళ్లారు. ఒక టేపు ఎక్కించగానే దాని మీదే ఇంకో పెళ్లి తీయడం అప్పట్లో అందరూ చేసే పని. డిస్క్ మీద మాత్రం పెద్ద అక్షరాలతో చీటీ అంటించాను: "పై గదిలో తప్ప ఎక్కడా పెట్టరాదు." అక్షరాల కింద రెండు గీతలు కూడా గీశాను. ఆ తర్వాత క్యారేజీ విప్పి భోజనానికి కూర్చున్నాను.

ఆ కాసేపట్లోనే జరిగింది. బందరు నుంచి చేపల వ్యాపారం చేసే పెళ్లివారు వచ్చారు. పెద్ద కుటుంబం, పెద్ద పెళ్లి. మా పని చూపించమన్నారు. "అలాగేనండి" అన్నారు ఓనరుగారు. లోపలికి వచ్చి నా వెనకనుంచి డిస్క్ తీసుకెళ్లి కౌంటర్ దగ్గర తన కంప్యూటర్‌కి తగిలించారు. చీటీ చూశారట. అది పనివాళ్ల కోసం అనుకున్నారట.

ఆ కౌంటర్ కంప్యూటర్ కూడా విండోసే, దాంట్లో నా ప్రోగ్రాం లేదు. దాని కంటికి ఆ డిస్క్ గళ్లే లేని అర. పద్ధతిగా అడిగింది: ఈ డిస్క్ ఫార్మాట్ అయి లేదు, ఇప్పుడు చెయ్యమంటారా? ఎదురుగా పెళ్లివారు కూర్చుని చూస్తున్నారు. ఓనరుగారు ఎస్ నొక్కారు. మొత్తం పోతుంది సుమా అని మళ్లీ అడిగింది. మళ్లీ నొక్కారు.

నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. "మీ డిస్క్ ఏదో మొరాయించిందండి, సరిచేశాను. చూడండి ఎంత ఖాళీ వచ్చిందో" అన్నారు.

పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాను. ఎలా జరిగిందని తర్వాత నిలదీస్తే ఆయన అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను. "రెండుసార్లు అడిగిందండి. అన్నిసార్లు అడుగుతుంటే వద్దనడం బాగుండదు కదా."

టేపు ఉంది కదా అనుకున్నాను. పరుగెత్తి ఫోన్ చేశాను. కెమెరా ఆయన అవతల ఏదో పెళ్లి పందిట్లో ఉన్నారు, వెనకాల సన్నాయి వినిపిస్తోంది. "ఆ టేపా తమ్ముడూ, అది కెమెరాలోనే తిరుగుతోంది" అన్నారు. విషయం చెప్పాను. సన్నాయి ఆగింది, భజంత్రీలు మొదలయ్యాయి. సొంత కూతురి పెళ్లి మీద ఎవరి పెళ్లో ఎక్కుతోంది, ఎక్కిస్తున్నది తనే. "చెయ్యి అలవాటు తమ్ముడూ. సగం పైనే అయిపోయింది" అన్నారు.

సాయంత్రం వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. "ఈ ఆదివారం ఆరాధన అయ్యాక తెస్తానని చెప్పాను. పిల్ల కూడా వాళ్లత్తగారికి రోజూ చెబుతోందట, మా నాన్న తెస్తారని" అన్నారు. ఆ పిల్ల ఆ ఇంట్లో అడుగుపెట్టి పది రోజులు కూడా కాలేదు. తండ్రి మాట తప్పాడని ఎవరూ పైకి అనకపోవచ్చు. ఆవిడకి మాత్రం కొడుకు పెళ్లి చూసే దారి ఇక లేదు.

ఓనరుగారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "మళ్లీ తీద్దామండి. అదే చర్చి, అదే బట్టలు. అందర్నీ నేను పిలుస్తాను, భోజనాలు కూడా నావే. పాస్టరుగారు ఒప్పుకుంటారంటారా?" అన్నారు.

"ప్రసంగానికైతే వెంటనే ఒప్పుకుంటారండి" అన్నారు కెమెరా ఆయన. అంత బాధలోనూ పైనావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లెక్కి వెళ్లిపోయింది.

మా వీధిలోనే పాడైన డిస్కులు బాగుచేసే ఆయన ఒకరున్నారు. మర్నాడు ఆయన దగ్గరకి పట్టుకెళ్లాం. ఆయన ముందుగా బొట్టు తుడిచి, దీపం చూసి, "ఫార్మాట్ చేశాక దీంట్లో ఇంకేమైనా వేశారా?" అని అడిగారు.

"లేదండి, ఖాళీ చూసుకుని సంతోషించామంతే" అన్నారు ఓనరుగారు.

"అయితే బతికారు. పైపైన గళ్లు మారాయి గానీ సామాను అక్కడే ఉంటుంది. తీసి పెట్టడానికి ఇంకో ఖాళీ డిస్క్ కావాలి" అన్నారాయన. ఓనరుగారు అప్పటికప్పుడు కొనుక్కొచ్చారు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, "ఏ ఫార్మాట్‌లో పెట్టమంటారు?" అన్నారు. నేను, ఓనరుగారు, పైనావిడ ముగ్గురం ఒకేసారి నోళ్లు తెరిచి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, మూసుకున్నాం. ఆయనే తన విండోస్‌కి తగ్గట్టు పెట్టుకున్నారు.

సామాను అక్కడే ఉంటుంది అంటే ఆ ఒక్క పెళ్లే అనుకున్నాం. మా డిస్క్ కొన్నప్పట్నుంచి దాని మీదుగా వెళ్లిన పెళ్లిళ్లలో చెరిగిపోనివన్నీ బయటికొచ్చాయి. పేర్లు లేవు, అంకెలే. గుడివాడ తలంబ్రాలు, నూజివీడు గృహప్రవేశం, ఎవరిదో చెవులు కుట్టడం, పావుగంటకొక ముక్క. ఏది ఎవరిదో ఒక్కొక్కటీ తెరిచి చూడటమే మార్గం. కెమెరా ఆయన కూడా వచ్చి కూర్చున్నారు. పైనావిడకి ప్రతి చీరా గుర్తే. "ఇది కాదు, ఇదీ కాదు, ఈ పెళ్లిలో కూర బాగుందని చెప్పారు, ఇదీ కాదు" అంటూ తోసేస్తోంది. ఓనరుగారు మాత్రం అప్పట్లో పెళ్లివారు తీసేయమన్న ఆ పొడుగు మేనమామ కనిపిస్తే పలకరించినట్టు చెయ్యెత్తారు.

అన్నిటి తర్వాత ఒక పెద్ద ఫైలు తెరిస్తే తెల్లని వెలుతురు, ఆ వెలుతుర్లో ఆదాము వినిపించాడు. పాస్టరుగారు నోవహు దాకా వచ్చి నీళ్లు తాగారు. ఆయన మంచినీళ్లు తాగుతుంటే చూసి అంత ఆనందించినవాళ్లు ప్రపంచంలో ఉండరు. చివరిదాకా చూశాం. ఎక్కడా తెగలేదు.

కెమెరా ఆయన తెర దగ్గరకి జరిగి చూస్తున్నారు. ఆయన కెమెరా కంటిలో బొమ్మ నలుపు తెలుపులోనే కనపడేది. "చీర అంచు గులాబీరంగా తమ్ముడూ? ఇంటికెళ్లేసరికి మార్చేసుకుంది, ఆ రోజు చూడనేలేదు నేను. మొన్న చూసినప్పుడు కళ్లన్నీ అతుకుల మీదే" అన్నారు. చెప్పి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కళ్లజోడు శుభ్రంగానే ఉంది.

ఇందులో ఒక న్యాయం జరిగింది. ఫైలు ఇప్పుడు విండోస్ డిస్క్ మీద ఉంది. పై కంప్యూటర్‌కి తగిలిస్తే నా ప్రోగ్రాం అవసరమే లేకుండా ఒక్క ముక్కగా వచ్చి కూర్చుంది. ఇన్ని రోజులు మేం తలలు బద్దలుకొట్టుకున్న పని అదే. "నేను ఎస్ నొక్కబట్టి కదండి" అన్నారు ఓనరుగారు. ఎప్పుడు కనిపించినా ఇప్పటికీ అదే అంటారు. ఎంత ఆలోచించినా నాకు ఎదురు చెప్పడానికి ఏమీ దొరకదు, అదే నా కడుపుమంట.

ఇంతకీ మీ ప్రశ్నకి జవాబు. డిస్క్ ఏ ఫార్మాట్‌లో పెట్టాలో కంప్యూటర్లని చూసి తేల్చుకోకండి. దాన్ని ఎవరెవరు ముట్టుకుంటారో చూసి తేల్చుకోండి. ఇప్పుడు రెండిటికీ పనికొచ్చి, పెద్ద ఫైళ్లు పట్టే పద్ధతి వచ్చిందని నాకూ తెలుసు. అయినా నా మాట మారదు. ఓనర్లు మారలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఓనరుగారి వ్యానులో నలుగురం కొండపల్లి వెళ్లాం. ముందు గదిలో టీవీకి ఎదురుగా మంచం వేశారు. పెళ్లికొడుకు తల్లి ఆ పెళ్లికని కొనుక్కున్న పట్టుచీర కట్టుకుని, చర్చిలో లాగా తల మీద కొంగు వేసుకుని, పక్కన బైబిల్ పెట్టుకుని కూర్చున్నారు. కాలికి పిండికట్టు. కొడుకు, కోడలు చెరో పక్కన. మేం చెప్పులు బయట విడిచి గోడ వారగా కూర్చున్నాం.

పాస్టరుగారు మొదలుపెట్టారు. ఆవిడ చేతులు కట్టుకుని శ్రద్ధగా విన్నారు. నోవహు దగ్గర రెప్పలు వాలాయి. అబ్రాహాము వచ్చేసరికి తల గుండెల మీదకి వచ్చేసింది, చిన్నగా గురక కూడా. నాకు ఒళ్లు మండింది. ఏ ప్రసంగం తెగకూడదని డిస్క్‌ని చంపి బతికించామో ఆ ప్రసంగంలోనే ఆవిడ నిద్రపోతున్నారు. కొడుకు రిమోట్ తీసుకుని ఆపబోయాడు.

మా కెమెరా ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "ఆపొద్దు బాబూ. చర్చిలో అయితే ఆపుతారా?" అన్నారు.

అందరం అలాగే కూర్చున్నాం. ఇస్సాకు పెళ్లయింది, యాకోబు పెళ్లిళ్లు రెండూ అయ్యాయి. పాస్టరుగారు పుస్తకం మార్చి, "ఈ వధువును ఇచ్చుచున్నది ఎవరు?" అన్నారు. కెమెరా వెనకనుంచి, మైకు పక్కనే కాబట్టి పిడుగు పడ్డట్టు, "నేనేనండి" అని వినిపించింది. ఆవిడ ఉలిక్కిపడి లేచారు. కొంగు సర్దుకుని, ఏమీ జరగనట్టు చుట్టూ చూసి, మళ్లీ టీవీ వైపు తిరిగారు.

"సంఘమంతా లేచి నిలబడవలెను" అన్నారు పాస్టరుగారు.

ఆవిడ మంచం పట్టె పట్టుకున్నారు. మేం అర్థం చేసుకునేలోపే మంచి కాలు కింద ఆనించారు. "అమ్మా, వద్దు, డాక్టరుగారు..." అన్నాడు కొడుకు. "నోరుముయ్యి, తాళి కడుతున్నారు" అన్నారావిడ. కోడలు ఒక పక్క భుజం కిందకి చెయ్యి పెట్టింది. కొడుకు రెండో పక్క పట్టుకున్నాడు. ఆవిడ ఒంటికాలి మీద నిలబడ్డారు. ఇంక మేం కూర్చుని ఎలా ఉంటాం? నేను లేచాను, పైనావిడ లేచింది, జన్మలో చర్చి గుమ్మం తొక్కని మా ఓనరుగారు చేతులు జోడించుకుని లేచారు. మా కెమెరా ఆయన కూడా నిలబడ్డారు, భుజం మీద ఏ బరువూ లేకుండా. టీవీలో ఆవిడ కొడుకు తాళి కట్టాడు. దీవెన పూర్తయ్యేదాకా ఆవిడ కూర్చోలేదు. ఆఖర్న "ఆమెన్" అని టీవీలో జనంతో పాటు గట్టిగా అన్నారు.

నెమ్మదిగా మంచం మీద కూర్చోబెట్టాక, రొప్పుతూనే కొంగుతో మొహం తుడుచుకుని మా కెమెరా ఆయన వైపు చూశారు.

"పెళ్లి చాలా బాగా జరిగింది అన్నయ్యగారూ. దూరం నించి వచ్చినవాళ్లున్నారు, ముందు వాళ్లకి భోజనాలు పెట్టించండి" అన్నారు.